రోడ్డు రెండు చివర్లూ ఫొటో తీసుకోండి

నెల్లూరు నుంచి కారులో హుబ్బళ్లి వైపు వెళ్తున్నారా? ముందు ఒకసారి కృష్ణపట్నం వెళ్లి రండి. 67వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది అక్కడే. రొయ్యల గుంటలు, పోర్టు లారీలు, పసుపు తల కిలోమీటరు రాయి అన్నీ ఒకే ఫొటోలో పడేలా తీయండి. రాయి తప్పనిసరి, లేకపోతే తర్వాత ఎక్కడిదో గుర్తుండదు.

అదే రోడ్డు గోవా సరిహద్దు దగ్గర రామనగర్‌లో ఆగుతుంది. అక్కడ చుట్టూ పడమటి కనుమల అడవి, బోర్డులు కన్నడంలో. నిదానంగా చూడండి, మన తలకట్టు ఉండే చోట అడ్డగీత కనిపిస్తుంది. ఊరి పేర్లు చాలావరకు చదివేయొచ్చు. పిల్లల చేత చదివించండి, ఎంత సంబరపడతారో! ఫొటో కోసం మాత్రం బండి రోడ్డు మీద ఆపకండి.