వేర్వేరు చోట్ల రికార్డు చేసిన గాత్రాన్నీ మృదంగాన్నీ తాళానికి సరిపెట్టడం

విజయవాడ సత్యనారాయణపురంలోని ఒక గదిలో పాడిన కృతికి, గుంటూరులో తన ఇంట్లోనే కూర్చుని వాయించి పంపినవారి మృదంగాన్ని జతచేసినప్పుడు దెబ్బలు తాళానికి పడకపోతే, ముక్కలు కోయడానికి దిగకముందే తప్పు ఏ రకమైనదో తేల్చుకోవాలి. పాట మొదట్లోనూ, నడుమనూ, చివరనూ మృదంగం ఎంత వెనకబడిందో తెర మీద ధ్వనిని గీతగా చూపే వేవ్‌ఫారాన్ని పెద్దది చేసి కొలవండి. మూడు చోట్లా తేడా ఒక్కటే అయితే అది వాయించినవారి దోషం కాకపోవచ్చు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో పాట వింటూ వాయిస్తే 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం రావడం మామూలే కనుక, మృదంగం ట్రాకు మొత్తాన్ని అంతమేరకు ఎడమకు జరిపితే సరిపోతుంది. తేడా కొద్దికొద్దిగా పెరుగుతూ పోతే రెండు పరికరాల గడియారాలు ఒకే వేగంతో నడవలేదని గ్రహించి, ట్రాకు నిడివిని ఆ నిష్పత్తిలో మార్చాలి.

అక్కడక్కడ మాత్రమే తప్పినప్పుడే అసలు పని ఉంటుంది. నిమిషానికి 80 అక్షరాల (అంటే తాళంలో వేసే లెక్కల) వేగంలో ఒక్కో అక్షరం 750 మిల్లీసెకన్లు. ఆ లెక్కన 10, 15 మిల్లీసెకన్ల తేడాను ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. ముక్తాయింపు (ముగింపుగా వాయించే జతుల వరుస) చివరి దెబ్బ సమం (తాళం మొదలయ్యే చోటు) మీద పడవలసి ఉండగా 60 మిల్లీసెకన్లు ఆలస్యమైందనుకోండి. ఆ దెబ్బ మొదలయ్యే చోటుకు కాస్త ముందు, ధ్వని అణిగిన చోట కోసి, ముక్కను సమానికి జరిపి, రెండు అతుకుల దగ్గరా 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా రెండోది పెరిగేలా కలపడం) పెట్టాలి. లేకపోతే టక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. మృదంగం కుడివైపు వలంతలకూ ఎడమవైపు తొప్పికీ వేరు వేరు మైకులు పెట్టి ఉంటే రెండు ట్రాకులనూ కలిపే కోసి కలిపే జరపాలి. ఒకదాన్ని వదిలేస్తే ఒకే దెబ్బ రెండుసార్లు పడినట్టు వినిపించవచ్చు, తొప్పి నాదమూ పలచబడవచ్చు.

అన్నిటినీ గ్రిడ్డుకు, అంటే సాఫ్ట్‌వేరు గీసుకున్న సమాన కాలపు గీతలకు, లాగే ఆటోమేటిక్ క్వాంటైజ్ జోలికి, ముఖ్యంగా గాత్రం విషయంలో, పోకూడదు. దేశాది తాళంలో త్యాగరాజ కృతులు చాలావరకు సమం దాటి అక్షరమున్నర తరువాత ఎత్తుకుంటాయన్న సంగతి సాఫ్ట్‌వేరుకు తెలియదు. అది సరైన ఎత్తుగడనే తప్పుగా లెక్కకట్టి పక్కకు లాగేయగలదు.

సరిచేసిన భాగాన్ని తెర వైపు చూడకుండా, చేత్తో తాళం వేస్తూ వినండి. ఒక ఆవర్తనంలో (తాళం ఒక పూర్తి చుట్టులో) నాలుగైదు దెబ్బలు జరపవలసి వస్తోందంటే అతుకుల పని మానుకుని, వైరున్న ఇయర్‌ఫోన్లతో ఆ భాగం మళ్ళీ వాయించి పంపమని గుంటూరుకు ఫోను చేయడమే సులువు.