నాలుగైదు ఊళ్లు కలిసి చెత్త తగ్గించుకోవడం ఎలా?

మా నెల్లూరు జిల్లాలో చెత్తను వేరు చేయడం మొదలుపెట్టిన ఊళ్లకు కొదవ లేదు. షెడ్డు కట్టారు, బండి కొన్నారు, ఇంటింటికీ పచ్చ బుట్ట, నీలం బుట్ట పంచారు. ఏడాది తిరిగేసరికి చాలా షెడ్లలో ఏరిపెట్టిన ప్లాస్టిక్ దుమ్ము పట్టి అలాగే పడి ఉంటుంది. తప్పంతా జనం మీదికి నెట్టేస్తాం కానీ, అసలు చిక్కు వేరే. ఆ సరుకు కొనడానికి ఎవరూ రారు. ఒక్క ఊళ్లో నెలకు పోగయ్యే అట్టలు, సీసాల కోసం నెల్లూరు నుంచి బండి వస్తే డీజిలు ఖర్చు కూడా గిట్టదు. అదే ఐదూళ్ల సరుకు ఒక్కచోట ఉంటే లోడు అవుతుంది. లోడు ఉందంటే వ్యాపారే ఫోన్ చేస్తాడు.

అందుకే బుట్టలు పంచడానికి ముందే ఊళ్లు కలవాలి.

ఏ ఊళ్లు కలవాలి?

మండలం సరిహద్దు చూడకండి, కాలవను చూడండి. పెన్నా కింద ఒకే కాలవ మీదున్న ఊళ్లయితే పని త్వరగా కుదురుతుంది. పై ఊరి వాళ్లు కాలవలో విసిరిన కవర్లే కింద ఊరి తూముకు అడ్డం పడతాయి, నీళ్లు పొలానికి ఎక్కవు. ఆ బాధ తెలిసిన ఊరే ముందు కదులుతుంది. నాలుగు నుంచి ఆరు ఊళ్లు చాలు. అంతకు మించితే మీటింగులకే పొద్దు గడిచిపోతుంది.

కొత్త సంఘం పెట్టాల్సిన పని లేదు. పొదుపు సంఘాలు ఉన్నాయి, వాటి మీద గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టండి. ఊళ్లు కలవడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారాను అడ్డుకున్నారు. అది పక్క ఊళ్లకు, పక్క జిల్లాలకు పాకబట్టే 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెనకే ఇక్కడ పొదుపు ఉద్యమం ఊపందుకుంది. ఊళ్లు ఎలా కలుస్తాయో మన అమ్మలను, అత్తలను అడిగితే చెబుతారు.

ఊరికి ఇద్దరు పొదుపు సంఘం సభ్యులు, పంచాయతీ కార్యదర్శి, ఒక పారిశుద్ధ్య కార్మికుడో కార్మికురాలో, ఇదీ మీ కమిటీ. కార్మికులను గుమ్మం దగ్గర నిలబెట్టకండి, అందరితో పాటు కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఏ వీధిలో ఏం పడేస్తారో వాళ్లకు తెలిసినంతగా సర్పంచికి కూడా తెలియదు. తర్వాత అన్ని ఊళ్ల గ్రామసభల్లోనూ ఒకే తీర్మానం చేయించండి: ఒకే రకంగా వేరు చేయడం, పొడి చెత్త తీసుకునే రోజు అన్ని ఊళ్లకూ ఒకటే, కాల్చడం ఎక్కడా లేదు.

ముందు కొనేవాళ్లను కలవండి

చాలామంది ఇది ఆఖరికి చేస్తారు. ఇద్దరు ముగ్గురు పాత సామాన్ల వ్యాపారుల దగ్గరికి నోటు పుస్తకం పట్టుకుని వెళ్లండి. ఏం కొంటారు, ఎలా ఉంటే కొంటారు, కనీసం ఎంత లోడు కావాలి, రేటెంత అని అడిగి రాసుకోండి. నీళ్ల సీసాలు, పాల ప్యాకెట్లు, బకెట్ల లాంటి గట్టి ప్లాస్టిక్, అట్టలు, ఇనుము, గాజు, ఇవన్నీ వేటికవి వేరు. కలిపి ఇస్తే ఉన్నవాటిలో తక్కువ రేటే కడతారు.

మేం కలిసిన ఊళ్ల మొదటి లోడు నవంబరులో వెళ్లింది. మన దగ్గర వానలు ఎక్కువగా పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అని తెలిసి కూడా అట్టలు షెడ్డులో నేల మీదే పేర్చాం. అడుగు వరసలు నానిపోయాయి. కాటా దగ్గర వ్యాపారి చెయ్యి పెట్టి చూసి సగానికి సగం వెనక్కి పంపేశాడు. వాటిని ఏరిన రమణమ్మక్కలు, సుబ్బమ్మక్కలు మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. అప్పుడు చెక్క బల్లలు వేయించాం. మీరు ముందే వేయించండి, నేలకు జానెడు ఎత్తున. పైన టార్పాలిన్ కప్పండి.

ఇంట్లో చెప్పాల్సినవి

నాలుగు భాగాలు చాలు: తడి, పొడి, శానిటరీ ప్యాడ్లు–డైపర్లు, ప్రమాదకరమైనవి. ప్యాడ్లను పేపర్లో చుట్టి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టమనండి. బల్బులు, బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు విడిగా ఉంచాలి. పొడి చెత్తకు బుట్ట కొనక్కర్లేదు. రొయ్యల గుంటలున్న ఊళ్లలో ఖాళీ మేత సంచులు దండిగా దొరుకుతాయి, కడిగి ఆరబెట్టి గోడకు మేకు కొట్టి తగిలిస్తే సరిపోతుంది.

పాల ప్యాకెట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మనం మూల పూర్తిగా కత్తిరించి పారేస్తాం. గోరంత ఆ ముక్కను ఎవరూ ఏరలేరు, అది మట్టిలోకో గేదె కడుపులోకో పోతుంది. మూల కొంచెం చీల్చి, ముక్కను ప్యాకెట్‌కే ఉంచేయాలి. పాలు పోశాక అరగ్లాసు నీళ్లు పోసి కుదిపి, ఆ నీళ్లు కుడితిలో పోసి, ప్యాకెట్‌ను దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేయాలి. కడగని ప్యాకెట్ల సంచి మూడో రోజుకే వాసన కొడుతుంది. నెలాఖరున దాన్ని విప్పేది ఒక మనిషి చేతులే. ఇంటింటికీ వెళ్లి ఈ మాట చెప్పాక మా వీధిలో ప్యాకెట్లు కడగని ఇల్లు లేదు.

తడి చెత్త ఊరు దాటకూడదు

దాన్ని బండెక్కించడం అంటే నీళ్లు మోయడమే. గేదెలున్న ఇంట్లో కుడితి తొట్టి ఉంది, పెంటదిబ్బ ఉంది, వాళ్లను వదిలేయండి. మిగతా వాళ్ల తడి చెత్తను ఊళ్లోనే తొట్లలో వేసి, వరసకు ఎండాకులు, పేడనీళ్లు వేస్తూ వారానికోసారి తిరగేయండి. 45 నుంచి 60 రోజుల్లో ఎరువు అవుతుంది. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఎండాకులు కలపండి. అసలు తడి తగలకపోతే నీళ్లు చల్లండి.

ఎవరూ కొననివి

చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషెలు, థర్మోకోల్ ప్లేట్లు. చిప్స్ ప్యాకెట్ల లాంటివి సిమెంట్ ఫ్యాక్టరీల్లో ఇంధనంగా వాడతారు, కానీ అక్కడిదాకా చేర్చే ఖర్చు మనదే. అవి ఊళ్లోకి రాకుండా చూసుకోవడమే మంచిది. 2022 జులై 1 నుంచి థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్ల మీద నిషేధం ఉంది. క్యారీబ్యాగులకైతే 120 మైక్రాన్ల మందం ఉండాలి. చట్టం గుర్తు చేస్తే చాలదు, బదులుగా వాడుకోవడానికి ఏదో ఒకటి చేతికివ్వాలి. కమిటీ తరఫున 500 స్టీలు కంచాలు, గ్లాసులు కొని పెట్టండి. పెళ్లికి, తద్దినానికి, తిరనాళ్లకు నామమాత్రపు అద్దెకివ్వండి. ఆరు ఊళ్లకు ఒక్క సెట్టు చాలు. కలిసి పనిచేయడంలో ఉన్న లాభం జనానికి మొదట కనపడేది ఇక్కడే.

రొయ్యల గుంటల మందు డబ్బాలను మాత్రం ఎవరూ నీళ్లకు వాడకుండా చూడండి. అమ్మిన దుకాణమే వెనక్కి తీసుకునేలా మాట్లాడండి.

డబ్బు, లెక్క

పొడి చెత్త అమ్మితే జీతాలన్నీ వెళ్లిపోతాయని ఎవరికీ ఆశ పెట్టొద్దు, వెళ్లవు. ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇప్పించే నిధుల్లో పారిశుద్ధ్యానికి ఉండే వాటా, పంచాయతీ సొంత డబ్బు తోడవ్వాలి. అమ్మకం డబ్బులో ముందు ఏరినవాళ్ల కూలి, గ్లౌజులు, బండి కిరాయి తీసేయండి. మిగిలింది ఏ ఊరి కిలోలకు ఆ ఊరికి పంచండి. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది కదా, లెక్క చూసుకునే రోజు కూడా అదే పెట్టుకుంటే అధికారులు కూడా అందుబాటులో ఉంటారు.

ఎండాకాలంలో మొదలుపెడితే మొదటి లోడు సెప్టెంబరులోపు వెళ్లిపోతుంది. ఆ రోజు బండితో పాటు ఊరికొక మనిషిని కాటా దగ్గరికి పంపండి. అంకె వాళ్లే చూసి, చీటీ వాళ్లే తీసుకోవాలి. సాయంత్రానికి దాని నకలు ప్రతి పంచాయతీ గోడ మీదా అతికించండి.