లేత రంగు కార్పెట్ మీద మరకలు: నీళ్లు పోసే ముందు

అనంతపురంలో లేత రంగు కార్పెట్ ఎందుకని చాలామంది అంటారు. ఆషాఢం గాలికి కిటికీలు మూసినా ఎర్రదుమ్ము లోపలికి వస్తుంది, బోరు నీళ్లేమో ఉప్పు. అయినా వేసుకోవచ్చు. మరక కన్నా ఎక్కువగా కార్పెట్‌ను పాడుచేసేది, మరక పడగానే మగ్గుడు నీళ్లు, గుప్పెడు సబ్బుపొడి పట్టుకుని మనం పరుగెత్తడమే.

ముందు మీ కార్పెట్ ఏ రకమో తెలుసుకోండి. అడుగు అంచు నుంచి ఒక పోగు లాగి, సింకు దగ్గర అగ్గిపుల్లతో కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద రాలితే ఉన్ని. కరిగి గట్టి ఉండ కడితే సింథటిక్. ఉన్నికి బ్లీచింగ్, వంటసోడా, వేడినీళ్లు తగలనివ్వద్దు. ఏది వాడినా సోఫా కింద కనపడని మూలన ముందు రాసి చూడాలి.

పసుపు మరక కడిగితే ఎర్రబడింది

కారణం: సబ్బుపొడి, వంటసోడా రెండూ క్షారాలు. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తాం కదా, కార్పెట్ మీద జరిగిందీ అదే. మరక ముదిరిందని టెన్షన్ పడి ఇంకా రుద్దితే రంగు పోగుల్లోకి దిగుతుంది.

పరిష్కారం: ఒక వంతు తెల్ల వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి, తెల్లగుడ్డతో అద్దండి. ఎరుపు మళ్లీ పసుపులోకి వస్తుంది. మిగిలిన పసుపు పనిని ఎండకు వదిలేయండి. పసుపు రంగు వెలుతురుకు నిలవదు, మన దగ్గర ఎండకు కొదవా లేదు. కార్పెట్‌ను మిద్దె మీద పరిస్తే మరక రోజురోజుకూ వెలుస్తుంది. ఉన్ని కార్పెట్ అయితే ఎక్కువసేపు ఉంచకండి, ఎండకు ఉన్నే పసుపుపచ్చగా మారుతుంది.

పసుపుతో పాటు నూనె కూడా ఉంటే, అంటే నాటుకోడి పులుసో, ఉగ్గాణితో తిన్న బజ్జీ ముక్కో పడితే, ముందు నూనె సంగతి చూడాలి. చెంచాతో ఎత్తేసి, మొక్కజొన్న పిండి గానీ ఒంటికి రాసుకునే పౌడర్ గానీ చల్లి, అరగంట తర్వాత వాక్యూమ్‌తో లాగండి. ఆ తర్వాతే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్లతో అద్దడం.

కుంకుమ ఒలికింది

తడి అస్సలు వద్దు. ఊడ్చవద్దు కూడా. వాక్యూమ్ గొట్టాన్ని ఆనించకుండా పైనుంచే పట్టి లాగండి, మిగిలింది ప్యాకింగ్ టేపుతో అంటించి తీయండి.

నడిచే దారంతా మాసినట్టుంది

కారణం: దుమ్ములోని సన్న ఇసుక అడుగుల కింద పోగులను కోస్తుంది. కోసుకుపోయిన పోగు ఎంత ఉతికినా మాసినట్టే కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే ఆ దుమ్ము కాస్తా బురదై అడుగుకు చేరుతుంది.

పరిష్కారం: గాలికాలంలో రోజు మార్చి రోజు వాక్యూమ్, అదీ నిదానంగా, అటూ ఇటూ రెండు వైపులా. చిన్న కార్పెట్ అయితే తిరగేసి దులపడమే మేలు. గుమ్మం బయట కొబ్బరిపీచు పట్టా, లోపల నూలు పట్టా వేయండి. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి వాళ్లు బురద అంటిన వెంటనే ముట్టుకోకూడదు. పూర్తిగా ఎండనిచ్చి, నలిపి, అప్పుడు లాగేయాలి.

పోయిన మరక మర్నాడు మళ్లీ తేలింది

కారణం: నీళ్లు ఎక్కువయ్యాయి. అడుగున దాగిన కాఫీ, ఆరే తడితో పాటు పోగుల కొసలకు ఎక్కింది.

పరిష్కారం: చోటు కొద్దిగా తడిపి, మడిచిన తెల్ల టవల్ వేసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. మరక టవల్‌కు ఎక్కుతుంది. కింద కడప బండలు ఉంటే ఆ తడి ఎటూ పోదు, కాబట్టి తెల్లారి కార్పెట్ అంచు ఎత్తి ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

ఉతికిన వారానికే గరుకెక్కి, మళ్లీ మురికి పట్టింది

ఇది ఉప్పునీళ్ల పని. ఆ నీళ్లకు సరిగా వదలక మిగిలిపోయిన సబ్బు జిగటకు దుమ్ము అంటుకుంటుంది. క్యాన్ నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి గుడ్డ పిండి తుడవండి, తర్వాత ఉత్త క్యాన్ నీళ్లతో ఇంకోసారి. మరకలు తీయడానికీ ఆ నీళ్లే వాడండి, పట్టేది చెంబెడే.

గోడ వెంట, తలుపు కింద నల్లటి గీత

సందులోంచి వచ్చే గాలిని కార్పెట్ వడకట్టి, దుమ్మును తనలో ఉంచుకుంటోంది. తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టించండి. గీతను మెత్తటి బ్రష్‌తో కదిలిస్తూ వాక్యూమ్ సన్నమూతితో లాగండి. పాతదైతే పూర్తిగా పోదు.