నడుము వంగే లోడర్‌తో మంచు తీసేవారికి జాగ్రత్తలు

గత వారం మిన్నెసోటాలో నేను పనిచేసే అపార్ట్‌మెంట్ల పార్కింగ్ స్థలంలో, మంచు తీస్తున్న చిన్న లోడర్ (ముందున్న పెద్ద బకెట్‌తో మంచు ఎత్తిపోసే బండి) ఒకటి పక్కకు బోల్తాపడింది. నడిపే కుర్రవాడు సీటు బెల్టు పెట్టుకొని ఉండబట్టి మణికట్టు బెణుకుతో బయటపడ్డాడు. వేగం లేదు, నేల దాదాపు సమతలమే. కాని నిండు బకెట్ అతని తలకంటె ఎత్తున ఉంది, బండి సగం మలుపులో ఉంది. నేను ఇంతవరకు చూసిన మూడు బోల్తాలకూ కారణం ఇదొక్కటే.

ఈ లోడర్ కారులాగా ముందు చక్రాలను తిప్పదు, నడుము దగ్గరే వంగుతుంది. తిన్నగా ఉన్నంతసేపు బకెట్ బరువుకు వెనుక భాగం సరిగ్గా ఎదురుబరువుగా నిలుస్తుంది. వంగేసరికి ఆ ఎదురుబరువు పక్కకు తొలగిపోతుంది కనుక, తిన్నగా నిలిచి తేలికగా ఎత్తిన బరువునే పూర్తి మలుపులో బండి ఆపుకోలేకపోవచ్చు. పైగా మంచు బరువు కంటికి తెలియదు. అర ఘనమీటరు బకెట్‌లో రాత్రి కురిసిన పొడిమంచు 50 కిలోలు ఉంటే, రోడ్డు శుభ్రం చేసే బండి మన గేటు ముందు తోసిపోయిన తడిమంచు అదే బకెట్‌లో 250 కిలోలు తూగవచ్చు. కాబట్టి నిండిన బకెట్‌ను నేలకు జానెడు ఎత్తులోనే ఉంచి నడపాలి. కుప్ప ముందు బండిని తిన్నగా నిలిపాకే ఎత్తాలి, కుమ్మరించి దించాకే తిప్పాలి.

నేల గడ్డకట్టకముందే కాలిబాట అంచుల వెంబడి, ఫైర్ హైడ్రెంట్ల (మంటలార్పే నీటి కుళాయిల) పక్కన కర్రలు పాతుకోవాలి. మంచు కింద దాగిన అంచుకు బకెట్ తగిలితే బండి ఉన్నపళంగా ఆగుతుంది, మనిషి ఆగడు. తెల్లవారుజామున బకెట్‌ను ఎత్తే హైడ్రాలిక్ ఆయిల్ చిక్కబడి ఉంటుంది కనుక కొంతసేపు ఇంజను నడిపి వేడెక్కనివ్వాలి. అయితే షెడ్డు లోపల కాదు, బయట. ఇంజను పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంజను నడుస్తుండగా నడుము కీలు దగ్గరకు ఎవరినీ రానివ్వకండి. బండి వంగితే అక్కడ మనిషి పట్టేంత చోటు మిగలదు. మరమ్మతుకు ముందు అక్కడ బండి వంగకుండా ఆపే లాక్ కడ్డీ బిగించండి. వాలు మీద అడ్డంగా వెళ్లకండి, నిండు బకెట్‌ను ఎగువ వైపే ఉంచండి. ఎత్తి తిప్పకండి. స్నోబ్లోయర్ (మంచును దూరంగా విసిరే యంత్రం) గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజను ఆపి కర్రతో తీయండి, ఆపిన తరువాత కూడా చేయి పెట్టకండి. పైకప్పు మంచు దులపడానికని మనిషిని బకెట్‌లో ఎక్కించకండి. మైనస్ 9 డిగ్రీలకంటె చలి ముదిరితే మంచు కరిగించడానికి చల్లే మామూలు ఉప్పును నమ్మకండి, ఇసుక చల్లండి. బూట్ల అడుగున మంచు గీకకుండా పెడల్ మీద కాలు మోపకండి. ఎంత తొందరైనా ఎత్తి తిప్పకండి. దిగేముందు బకెట్‌ను నేలకు ఆనించి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోండి.