పెంపుడు జంతువుల దంత సంరక్షణ – మూడవ పాఠం: వేలి నుంచి బ్రష్షు దాకా

గత పాఠంలో చెప్పినట్లు వారం రోజులపాటు కుక్క పెదవిని పైకెత్తి, పళ్ళు చూసి వదిలేయడం సాధన చేసినవారే ఈ పాఠం మొదలుపెట్టాలి. పెదవి ముట్టుకోగానే తల తిప్పుకునే కుక్క నోట్లో బ్రష్షు పెడితే పళ్ళు శుభ్రపడవు సరికదా, మరునాటి నుంచి మీ చేయి కనబడితేనే అది మంచం కిందికి దూరుతుంది.

ఎదిగిన కుక్కకు 42 పళ్ళు, పిల్లికి 30 ఉంటాయి. కుక్కకు పాచి ఎక్కువగా పేరుకునేది పై దవడలో, కంటికి సుమారుగా దిగువనున్న పెద్ద పన్ను మీద. లాలాజల నాళం ఒకటి ఆ పన్ను దగ్గరే తెరుచుకుంటుంది కాబట్టి, లాలాజలంలోని ఖనిజాలు అక్కడి పాచిలో చేరి రెండు మూడు రోజుల్లోనే దాన్ని గారగా గట్టిపరుస్తాయి. పాచి బ్రష్షుకు పోతుంది, గార పోదు. అందుకే ఆదివారం ఒక్కనాడు అరగంట తోమడం కంటే రోజూ ఒక నిమిషం తోమడం మేలు.

కుక్కకు ఎదురుగా కాక పక్కన కూర్చోండి. మొదటి మూడు రోజులు చూపుడువేలికి తడిపిన మెత్తని నూలుగుడ్డ చుట్టి, ఆ పెద్ద పన్ను బయటివైపు మాత్రం రుద్దండి. నోరు తెరిపించనక్కరలేదు, లోపలివైపును నాలుక కొంతవరకు చూసుకుంటుంది. నాలుగవ రోజున పసిపిల్లలకు వాడే మెత్తని బ్రష్షు తీసుకుని, చిగురూ పన్నూ కలిసే అంచుకు సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్న సున్నాలు చుట్టినట్లు తిప్పండి. మన పేస్టు మాత్రం వాడవద్దు: కుక్క ఉమ్మివేయలేదు, మింగేస్తుంది; కొన్ని పేస్టులలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. జంతువుల పేస్టు దొరకకపోతే ఉత్త నీళ్ళు చాలు.

బొమికలు కొరికితే పళ్ళు వాటంతటవే శుభ్రపడతాయన్న నమ్మకం మన ఇళ్ళలో గట్టిది. కానీ గట్టి బొమిక మీద చీలిపోయేది తరచుగా ఆ పెద్ద పన్నే. గోటితో నొక్కితే నొక్కు పడనిదేదీ నమలడానికి ఇవ్వకండి.

ఇప్పటికే గార కట్టి, చిగుళ్ళు ఎర్రబడి, నోరు దుర్వాసన వేస్తుంటే (“కుక్క నోరంటే అంతేలే” అని సరిపెట్టుకోకండి) ముందు పశువైద్యుడికి చూపించండి. చిగురు కింది గారను పూర్తిగా తీయాలంటే మత్తు ఇవ్వవలసిందే. పుండుపడిన చిగురును తోమితే నొప్పి పుడుతుంది, ఇన్నాళ్ళ మచ్చికా పోతుంది.

ఈ వారం అభ్యాసం రెండు వైపులా ఆ పెద్ద పళ్ళకూ, కోరలకూ పరిమితం. పిల్లి ఉన్నవారు బ్రష్షు జోలికి పోకుండా దాని పెదవి ఎత్తడం మాత్రమే సాధన చేయండి. వచ్చే పాఠం దానిదే.