వాగులో నత్రజని జాడ – 3వ పాఠం: చేపకన్నా ముందు నత్త

పోయిన పాఠంలో ఒక చేప కండలోని నత్రజనికి డెల్టా కట్టమని ఇచ్చిన లెక్కకు జవాబు 6.8. గాలిలోని నత్రజనిలో బరువు రకానికి, అంటే నత్రజని-15కి, తేలిక రకం నత్రజని-14తో ఒక నిష్పత్తి ఉంటుంది. ఆ చేప కండలో ఆ నిష్పత్తి గాలిలో ఉన్నదానికి 1.0068 రెట్లు. అందులో 1 తీసేసి వెయ్యితో హెచ్చిస్తే 6.8. ఇదే డెల్టా. ఇవాళ ఈ అంకెను చదవడం నేర్చుకుందాం.

ప్రాణి ఒంట్లోంచి వ్యర్థంగా బయటికి పోయే నత్రజనిలో తేలిక రకం కాస్త ఎక్కువగా ఉంటుంది, బరువుది కండలో మిగులుతుంది. అందుకే పాచికన్నా దాన్ని తినే నత్తలో, నత్తకన్నా దాన్ని తినే చేపలో డెల్టా పెరుగుతుంది. తిండి నుంచి దాన్ని తినే ప్రాణికి ఒక మెట్టు అనుకుంటే, మెట్టుకు సగటున 3.4. ప్రాణిని బట్టీ తిండిని బట్టీ మారుతుంది కాబట్టి దీన్ని సగటుగానే వాడండి.

అయితే చేప అంకె ఎక్కువైతే అది పెద్ద వేటగాడేనా? కాదు. నేను మొదట్లో ఇక్కడే తప్పు చేశాను. చేపలు మాత్రమే పట్టుకొచ్చి, అంకెలన్నీ వచ్చాక వాటిని దేనితో పోల్చాలో తెలియక కూర్చున్నాను. ఆ నెల శ్రమంతా వృథా అయింది.

మన మూసీనే చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి, 1908 వరద తర్వాత కట్టిన గండిపేట జలాశయం దాటి హైదరాబాద్ నగరంలోకి వచ్చేసరికి మురుగు కలుస్తుంది. మురుగులోని అమోనియా గాలిలోకి పోయేటప్పుడు తేలిక రకం ముందు పోతుంది. అడుగు బురదలో బ్యాక్టీరియా నైట్రేట్‌ను తిరిగి వాయువుగా మార్చేటప్పుడూ తేలికదే ముందు. నీళ్లలో మిగిలేది బరువెక్కిన నత్రజని. అందుకే మురుగు నుంచి వచ్చే నైట్రేట్ డెల్టా తరచుగా 10, 20 మధ్య ఉంటుంది. యూరియాను గాలిలోని నత్రజనితోనే తయారుచేస్తారు కాబట్టి దాని డెల్టా సున్నాకు దగ్గర. అంటే ఊరి దిగువన పాచి దగ్గరే అంకె పెరిగిపోయి ఉండొచ్చు. ఆ పాచి మీద బతికే ప్రతి ప్రాణిలోనూ ఆ పెంపు కనిపిస్తుంది.

కాబట్టి ముందు నత్తను పట్టండి. పాచి డెల్టా వాన పడితే ఒకలా, ఎండ కాస్తే ఒకలా మారిపోతుంది. నత్త నెలల తరబడి రాళ్ల మీది పాచిని గీరి తింటుంది కనుక దాని కండలో ఆ మార్పులన్నిటి సగటు దొరుకుతుంది. చేప పట్టిన చోటే నత్తనూ ఏరాలి. పై వాగు నత్త, దిగువ చేప కలిపితే లెక్క చెడుతుంది.

లెక్క ఇది: మెట్టు = 2 + (చేప డెల్టా − నత్త డెల్టా) ÷ 3.4. పాచిది 1వ మెట్టు, నత్తది 2వ మెట్టు, అందుకే ఆ 2.

సాధన కోసం నేను అనుకున్న అంకెలు తీసుకుందాం. వికారాబాద్ వైపు వాగులో నత్త 4.0, కొర్రమీను 10.8. తేడా 6.8, దాన్ని 3.4తో భాగిస్తే 2. కొర్రమీను 4వ మెట్టు మీద ఉంది. నగరం మురుగు కలిశాక వచ్చే నాగోల్ దగ్గర నత్త 12.0, తిలాపియా చేప 13.7. తేడా 1.7, భాగిస్తే అర. తిలాపియా రెండున్నర దగ్గరే ఆగింది. తిలాపియా అంకె పెద్దదే, కానీ అది తినేది ఎక్కువగా పాచే. నత్త లేకపోతే దాన్ని కొర్రమీనుకన్నా పెద్ద వేటగాడు అని రాసేసేవాళ్లం.

నమూనాల సంగతి. నత్తను ఒక రోజు శుభ్రమైన నీళ్లలో ఉంచితే పొట్ట ఖాళీ అవుతుంది. తర్వాత చిప్ప తీసేసి కండ మాత్రమే ఉంచండి. చేపకైతే వీపు కండ. ఫార్మలిన్‌లో వేయకండి, అంకె మారుతుంది. ఐస్ పెట్టెలో తెచ్చి, 60 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆరబెట్టి, మెత్తగా నూరాలి. ల్యాబ్‌కు కావలసింది ఒక మిల్లీగ్రాము పొడే. నమూనాకో కల్వం లేకపోతే ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి, ఒకదాని పొడి ఇంకోదానిలో కలవకూడదు.

ఇంటి లెక్క: అదే నాగోల్ నత్త దగ్గర జెల్ల చేప డెల్టా 17.1. అది ఏ మెట్టు మీద ఉంది? వచ్చే పాఠంలో, వాగులోకి బరువు నత్రజనిని మనమే చుక్కచుక్కగా వదిలి దాని వెంట నడిచే పద్ధతి. దానికి మూసీ పనికిరాదు, అందులో ఇప్పటికే ఉన్న నత్రజనిలో మనం వదిలింది కరిగిపోతుంది. చిన్న, శుభ్రమైన వాగు ఒకటి చూసి పెట్టుకోండి.