ఇంగ్లీషు పదం పుట్టుక ఎలా వెతకాలి? ‘డిస్కవర్’తో మొదలుపెడదాం

‘డిస్కవర్ అంటే కనుగొను’ అని నోట్సులో రాసుకుని పేజీ తిప్పేయడం మనకు బడి నుంచీ అలవాటు. అదే పదం ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది అని ఓ అరగంట వెతికితే మళ్లీ బట్టీ పట్టే పని ఉండదు. పాత పుస్తకాల్లో, కోర్టు కాగితాల్లో ఎదురైనప్పుడు తికమకా పడం. చేతిలో ఫోను ఉంటే చాలు.

1. ఇప్పటి అర్థం, మొదటి అర్థం పక్కపక్కన రాయండి

మెరియమ్-వెబ్‌స్టర్ సైట్‌లో పదం కింద అది మొదట ఎప్పుడు వాడుకలోకి వచ్చిందో ఉంటుంది. ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీలో అర్థం ఎప్పుడెప్పుడు మారిందో కూడా ఇస్తారు. రెండూ ఉచితమే. డిస్కవర్ 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పుడు దాని అర్థం బయటపెట్టడం, రహస్యం చెప్పేయడం. తెలియనిదాన్ని మొదటిసారి తెలుసుకోవడం అనే అర్థం 1550ల నాటిది. అంటే మనకు తెలిసిన అర్థం రెండున్నర శతాబ్దాలు ఆలస్యంగా వచ్చిందన్నమాట.

2. వచ్చిన దారి చూడండి

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి వెల్లువలా వచ్చాయి. ఇదీ పాత ఫ్రెంచి ‘డెస్కొవ్రిర్’ నుంచి వచ్చిందే. దాని వెనక ఉన్నది లాటిన్. ‘డిస్’ అంటే తీసేయడం, మిగతా భాగానికి కప్పడమని అర్థం. కలిపితే, కప్పి ఉన్నదాన్ని తెరవడం.

పదాన్ని మాత్రం సొంతంగా విరగ్గొట్టి నిర్ణయానికి రాకండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ‘రికవర్’ చూడండి. ‘రి’ పక్కన ‘కవర్’ కనిపిస్తోంది కదా అని మళ్లీ కప్పడం అనుకుంటాం. కోలుకోవడం అనే అర్థమున్న రికవర్‌కు కప్పడంతో సంబంధమే లేదు. అది తిరిగి పొందడం అనే అర్థమున్న లాటిన్ ‘రెకుపెరారె’ నుంచి వచ్చింది.

3. పాత వాక్యం ఒక్కటైనా చదవండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. షేక్‌స్పియర్ ‘ది టెంపెస్ట్’ చివరి అంకంలో ఒక రంగస్థల సూచన ఉంది: ప్రాస్పెరో, చదరంగం ఆడుతున్న ఫెర్డినాండ్, మిరాండాలను ‘డిస్కవర్’ చేస్తాడు. ఇప్పటి అర్థంలో చదివితే వాళ్లను అతను వెతికి పట్టుకున్నట్టు ఉంటుంది. వాళ్లు లోపల ఉన్నారని అతనికి ముందే తెలుసు. తెర తీసి మిగతావాళ్లకు చూపిస్తున్నాడు, అంతే. ఒక్క క్రియ తప్పుగా అర్థమైతే సన్నివేశమే మారిపోతుంది.

4. పాత అర్థం ఇంకా ఎక్కడ బతికుందో వెతకండి

ఒకటి కోర్టులో. మన సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లో ఆర్డర్ 11 పేరు ‘డిస్కవరీ అండ్ ఇన్‌స్పెక్షన్’. ఎదుటి పక్షం తన దగ్గరున్న పత్రాలేమిటో ప్రమాణం చేసి బయటపెట్టేలా ఆదేశించమని దాని కింద కోర్టును అడగవచ్చు. ఇక్కడ డిస్కవర్ చేయాల్సింది వెతికేవాడు కాదు, దగ్గర పెట్టుకున్నవాడు. లా చదివే పిల్లలకు మొదట్లో ఇది తిరగేసినట్టు అనిపించడం సహజమే. అసలు అర్థం తెలిస్తే చిక్కే లేదు.

ఇంకొకటి చదరంగంలో. అడ్డుగా ఉన్న గుర్రం పక్కకు జరగగానే వెనకున్న ఏనుగు దాడి రాజు మీద పడితే దాన్ని ‘డిస్కవర్డ్ చెక్’ అంటారు. ముసుగు తీసినట్టే.

అలాగని ఇవాళ మీరు రాసే ఇంగ్లీషు లేఖలో రహస్యం చెప్పడం అనే అర్థంలో డిస్కవర్ వాడకండి. పాత అర్థం చదవడానికి పనికొస్తుంది, రాయడానికి కాదు.

5. చుట్టాలను పిలవండి

‘డిటెక్ట్’ తీసుకోండి. లాటిన్‌లో ‘టెగెరె’ అంటే కప్పడం, కాబట్టి ఇదీ కప్పు తీయడమే. ఇంటి మీద వేసే ‘టైల్’, కాపాడే ‘ప్రొటెక్ట్’ కూడా ఆ కుటుంబానివే. ఆ తర్వాత ‘ఇన్‌వెంట్’ చూడండి. కొత్తగా తయారుచేయడం అని మనం నేర్చుకున్న ఆ మాటకు లాటిన్‌లో అర్థం ‘ఎదురుపడటం, కనుగొనడం’.